పొయ్యి ఆమెది, వాదన వారిది

హరి నారాయణ ఆప్టే మరాఠీలో రాసిన 'పణ్ లక్షాత్ కోణ్ ఘేతో' నవలని తెలుగులోకి తెచ్చింది పాములపర్తి వెంకట నరసింహారావు. ఆ మరాఠీ పేరుకి 'కానీ పట్టించుకునేదెవరు?' అని అర్థం. తెలుగులో ఆ నవల 'అబల జీవితం' అయింది. యమున అనే బ్రాహ్మణ యువతి అందులో తన కథ తానే చెప్పుకుంటుంది. పుట్టిల్లు, పెళ్ళి, అత్తవారిల్లు, చదువు మీద గౌరవమున్న భర్త, అతని మరణం, ఆ తర్వాత బలవంతపు శిరోముండనం. పందొమ్మిదో శతాబ్దం చివరి దశకంలో ఒక మగ రచయిత ఒక స్త్రీ గొంతులోకి అంత దూరం వెళ్ళడం ఈ రోజుకీ ఆశ్చర్యమే. అయితే నన్ను ఎప్పుడూ నిలబెట్టేది శీర్షికే. మరాఠీలో అది ప్రశ్న. అడుగుతున్న మనిషి ఉంది, వినాల్సినవాళ్ళు ఉన్నారు, వినడం లేదన్న నిష్ఠూరం ఉంది. తెలుగులో ప్రశ్న పోయి ఒక స్థితి మిగిలింది. అడిగే మనిషి కాస్తా జాలిపడదగ్గ మనిషి అయింది. ఆ పేరు అనువాదకుడు పెట్టారా, ప్రచురణకర్తలు పెట్టారా అన్నది నాకు ముఖ్యం కాదు. స్త్రీ అడిగిన ప్రశ్న స్త్రీ గురించిన వర్ణనగా మారిపోవడం ఎంత సులువుగా, ఎంత మర్యాదగా జరిగిపోతుందో అదే నాకు ముఖ్యం.

ఆ అనువాదకుడు 1921లో నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టారు. వరంగల్‌లో పాములపర్తి సదాశివరావుతో కలిసి 'కాకతీయ పత్రిక' నడిపారు. రెండు విడతలు దేశానికి విదేశాంగ మంత్రిగా ఉన్నారు. 1992 జూన్‌లో రియో డి జెనీరోలో ధరిత్రీ సదస్సు జరిగినప్పుడు భారత ప్రధానిగా అక్కడికి వెళ్ళారు. ఆ నెల 10వ తేదీన వాతావరణ మార్పుల ఒప్పందం మీద భారతదేశం సంతకం పెట్టింది. మా ఊళ్ళో పీవీ గురించి మాట్లాడేవాళ్ళు ఆర్థిక సంస్కరణల గురించి మాట్లాడతారు, బాబ్రీ మసీదు గురించి మాట్లాడతారు, ఎన్ని భాషలొచ్చో లెక్కపెడతారు. రియో ఎవరికీ గుర్తుండదు. మూడు దశాబ్దాలుగా మన వానలూ ఎండలూ ఏ ఒప్పందం పేరు మీద చర్చకొస్తున్నాయో ఆ ఒప్పందానికి, లక్నేపల్లికి ఇంత దగ్గరి చుట్టరికం ఉన్నా సరే.

ఆ ఒప్పందాన్ని నేను సాహిత్య విద్యార్థిలాగే చదివాను. పట్టుకు చదవగలిగే పుస్తకం కాదది. అయినా 26 అధికరణాలు, పీఠిక, రెండు అనుబంధాలు వరసగా చదివాక ఒక సంగతి తేలింది. అందులో 'స్త్రీ' అన్న మాట లేదు. ఒక్కచోట కూడా లేదు. ఇది ఆ కాలపు అలవాటేమో అనుకోవడానికీ వీల్లేదు. అదే రియోలో సంతకాలకి పెట్టిన జీవవైవిధ్య ఒప్పందం పీఠికలోనే స్త్రీల పాత్రని గుర్తించింది. రియో ప్రకటన 20వ సూత్రం స్త్రీల గురించి. ఎజెండా 21లో 24వ అధ్యాయం మొత్తం స్త్రీల గురించి. 1994 నాటి ఎడారీకరణ ఒప్పందంలోనూ స్త్రీలున్నారు. ఇవన్నీ ఊరికే రాలేదు. 1991 నవంబర్‌లో మయామీలో 83 దేశాల నుంచి సుమారు 1500 మంది స్త్రీలు కూడి తమ ఎజెండా తామే రాసుకుని రియోకి తెచ్చారు. ఆ ఒత్తిడి మిగతా పత్రాల తలుపులు తెరిచింది. వాతావరణ ఒప్పందం తలుపు మాత్రం తెరుచుకోలేదు. గాలికీ వేడికీ ఆడా మగా ఏముంటుంది అనుకున్నారేమో.

ఆ ఒప్పందం వాక్యాలు ఎవరు రాశారు? మన వైపు నుంచి ప్రధానమైన పేరు చంద్రశేఖర్ దాస్‌గుప్తా. 1962లో విదేశాంగ సర్వీసులో చేరిన అధికారి. 1991 ఫిబ్రవరిలో వాషింగ్టన్ దగ్గరి షాంటిలీలో చర్చలు మొదలైనప్పటి నుంచి 1992 మే 9న న్యూయార్క్‌లో ఒప్పందం ఖరారయ్యేదాకా భారత బృందం తరఫున ఆయన సంప్రదించారు. తర్వాత చైనాలో, ఆ తర్వాత ఐరోపా సమాజం దగ్గర రాయబారిగా పనిచేశారు. 2008లో పద్మభూషణ్. రిటైరయ్యాక కూడా వాతావరణ చర్చలకి వెళుతూనే ఉన్నారు. 2023లో చనిపోయారు. 1971 బంగ్లాదేశ్ యుద్ధం మీద, కశ్మీర్ మీద ఆయన రాసిన చరిత్ర పుస్తకాలు ఆ రంగంలో గౌరవం పొందినవి. మంచి గద్యం రాయగలిగిన అధికారి అన్నమాట. ఈ ఒప్పందం పుట్టుక గురించి ఆయన రాసిన జ్ఞాపకాల వ్యాసం నవ్‌రోజ్ దుబాష్ సంకలనంలో వచ్చింది. దాని పేరుని తెలుగులో 'సృష్టి వేళ నేనక్కడున్నాను' అనొచ్చు. అమెరికా విదేశాంగ మంత్రి డీన్ అచెసన్ 1969లో తన ఆత్మకథకి పెట్టుకున్న పేరే అది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లోకాన్ని తామే సృష్టించామన్న ధీమా ఉన్న పేరు. దాన్ని ఒక భారతీయుడు తీసుకోవడంలో కొంత చమత్కారం, కొంత సవాలు ఉన్నాయి. మేమూ ఉన్నాం సుమా అనడం.

ఆ 'మేము' మీదే నా దృష్టి. దౌత్యవేత్తల జ్ఞాపకాల్లో కర్త ఎప్పుడూ దేశమే. భారత్ ప్రతిపాదించింది, జపాన్ మెలిక పెట్టింది, అమెరికా ఒప్పుకోలేదు, చిన్న ద్వీపాలు విడిపోయాయి. వీటన్నిటికీ వ్యాకరణం ఒకటే. మనుషులు మాట్లాడినా దేశాలే మాట్లాడతాయి. నిద్రలేని రాత్రులుంటాయి గానీ ఇంట్లో ఎవరు నిద్ర మానుకుని సామాన్లు సర్దారో ఉండదు. ఇది దాస్‌గుప్తా ఒక్కరి లోపం కాదు, ఆ ప్రక్రియ స్వభావమే అది. మన స్వాతంత్ర్యోద్యమ నాయకుల ఆత్మకథల్లో కూడా ఇదే వ్యాకరణం చూశాం. స్త్రీవాద విమర్శ దాన్ని విప్పి చూపించి ముప్పై ఏళ్ళు దాటింది. దౌత్య గద్యం జోలికి మాత్రం మనం పోలేదు. అది మగవాళ్ళ ఆట, మనకేం తెలుసు అని వదిలేశామేమో.

వదిలెయ్యకూడదు, ఎందుకంటే ఆ ఆటలో పందెం కాసింది మన వంటింటినీ, మన పొలాన్నీ.

1990లో వాషింగ్టన్‌లోని ప్రపంచ వనరుల సంస్థ ఒక లెక్క వేసింది. వాతావరణాన్ని వేడెక్కించే వాయువులు వదిలే మొదటి ఐదు దేశాల్లో బ్రెజిల్, చైనా, భారత్‌లని చేర్చింది. అందులో మన వాటా పెద్దగా కనపడటానికి ఒక కారణం వరి మళ్ళు, పశువులు. నీళ్ళు నిలిచిన మడిలో బురద కుళ్ళి మీథేన్ వస్తుంది. అప్పట్లో అమెరికా పర్యావరణ సంస్థ అంచనా ప్రకారం భారత వరి పొలాల నుంచి ఏడాదికి 3.7 కోట్ల టన్నులకి పైగా మీథేన్ వస్తోంది. ఎ.పి. మిత్రా ఆధ్వర్యంలో మన శాస్త్రవేత్తలు 1991లో దేశమంతా పొలాల్లోకి దిగి కొలిస్తే అది దాదాపు 40 లక్షల టన్నులని తేలింది. దాదాపు పదో వంతు. ఎక్కడో కొలిచిన సంఖ్యని మన మళ్ళన్నిటికీ పరిచేస్తే వచ్చే తేడా అది. ఆ ఏడాదే అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ కలిసి ఒక చిన్న పుస్తకం రాశారు. అసమాన ప్రపంచంలో భూతాపం గురించి, పర్యావరణ వలసవాదం గురించి. బతకడానికి వదిలే పొగనీ, విలాసానికి వదిలే పొగనీ ఒకే త్రాసులో వేస్తారా అని వాళ్ళు అడిగారు. ఆసియాలో పేద రైతు మడి నుంచి వచ్చే మీథేనూ, అమెరికాలో పెద్ద కారు వదిలే పొగా ఒకటేనా? గాలి అందరిదీ అయినప్పుడు తలకి ఇంత అని పంచాలి గదా? భారత బృందం చర్చల్లో పెట్టిన తలసరి వాదానికి నైతిక బలం ఇక్కడి నుంచి వచ్చింది. అప్పటికి సునీతా నారాయణ్‌కి ముప్పై ఏళ్ళు.

ఆ వాదన సరైనదని నేను నమ్ముతాను. ఇది స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే స్త్రీవాద దృష్టితో విమర్శ చేస్తే ధనిక దేశాల పక్షాన మాట్లాడినట్టు అనుకునేవాళ్ళు మనలో ఉన్నారు. నూటయాభై ఏళ్ళు బొగ్గు తగలేసినవాళ్ళు, నిన్నగాక మొన్న బల్బు వెలిగించుకున్నవాళ్ళతో భారం సమానంగా పంచుకుందాం అనడం అన్యాయమే. ఒప్పందం మూడో అధికరణంలో చేరిన 'ఉమ్మడివే గానీ తేడాలున్న బాధ్యతలు' అన్న సూత్రం మన దౌత్యం సాధించిన గొప్ప విజయం. నేను పాఠం చెప్పే అనువాద తరగతిలో ఒకసారి ఆ అధికరణం ఇచ్చాను. అందరూ సంస్కృత సమాసాలతో కుస్తీ పడుతుంటే వెనక బెంచీ అమ్మాయి ఒకామె, "ఉమ్మడి కుటుంబం అప్పులాంటిది గదా మేడమ్, పెద్దోళ్ళు తిని చేసిన అప్పు చిన్న కోడలు మీద సమంగ పంచుతరా" అంది. క్లాసంతా నవ్వింది. ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం నేను అంతర్జాతీయ న్యాయం పుస్తకాల్లో కూడా చూడలేదు.

కానీ ఆ 'బతుకు పొగ' ఎవరిది? కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఆ పొగ పీల్చినదెవరు? మీథేన్ బుడగలొచ్చే ఆ బురదలో పిక్కల దాకా దిగి, నడుం వంచి, వెనక్కి అడుగులేస్తూ నాటు వేసినదెవరు? వరంగల్ జిల్లా పల్లెల్లో పెరిగినవాళ్ళని అడగనక్కర్లేదు. దుక్కి దున్నేది, నీళ్ళు కట్టేది మగవాళ్ళు. నాట్లు, కలుపు ఆడవాళ్ళవి. ఆ ఆడవాళ్ళలోనూ ఎక్కువమంది మాదిగ, మాల, వెనకబడిన కులాల కైకిలి మనుషులు. వాళ్ళ కాళ్ళ కింది బురదే భారతదేశం తరఫున సాక్ష్యం చెప్పింది. సాక్ష్యం చెప్పాక దాని పేరు మారిపోయింది. ఒప్పందంలో అది 'అభివృద్ధి చెందుతున్న దేశాల సామాజిక, ఆర్థిక అభివృద్ధి, పేదరిక నిర్మూలన' అయింది. నాలుగో అధికరణంలో వాటినే మొట్టమొదటి, అన్నిటికన్నా మిన్న అయిన ప్రాధాన్యాలుగా రాసుకున్నారు. చక్కటి వాక్యమే. అందులో బురదా లేదు, పొగా లేదు, ఆమే లేదు.

ఇక్కడే నాకు ఆప్టే శీర్షిక గుర్తొస్తుంది. 'అబల జీవితం' చేసిన తెలుగు మనిషి, తన మాతృజిల్లా పొలాల్లో వంగి ఉన్న స్త్రీలని ఎరిగిన మనిషి, ఆ సదస్సులో దేశానికి నాయకుడు. ఆయన పట్టించుకోలేదని నేను అనడం లేదు. పట్టించుకోవడానికి ఆ భాషలో చోటు లేదు. దౌత్య భాషకి స్త్రీ పేదరికంగా పనికొస్తుంది, కోరికగా పనికిరాదు. పొయ్యి మార్చండి అని ఆమె అడిగితే అది దేశం లోపలి సంగతి. పొయ్యి ముందు ఆమె దగ్గుతుంటే అది అంతర్జాతీయ వాదన.

పొయ్యి చరిత్ర తర్వాత ఇంకా వంకర తిరిగింది. 2002లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఆసియా మీది గోధుమరంగు మబ్బు గురించి నివేదిక ఇచ్చినప్పుడు, కట్టెలూ పిడకలూ కాల్చే పొగ హఠాత్తుగా ముద్దాయి అయింది. మన ప్రభుత్వం దానికి అభ్యంతరం చెప్పింది. నల్ల మసి మీద వి. రామనాథన్ 2008లో రాసిన పరిశోధనతో చర్చ ఇంకా పెరిగింది. అంతకు పదేళ్ళ ముందు దేశాన్ని కాపాడిన పొయ్యే ఇప్పుడు దేశాన్ని ఇరికిస్తోంది. ఈ మధ్యలో 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల వచ్చాయి. ఆడవాళ్ళకి గ్యాసు కనెక్షన్ వచ్చింది, బండ నింపుకునే డబ్బులు అన్నిసార్లూ రాలేదు. ఆ కట్టెల పొయ్యి మీద శాస్త్రవేత్తలు, మంత్రులు, దౌత్యవేత్తలు ఎన్నివేల పుటలు రాశారో. వాటిలో దాని ముందు కూర్చున్న మనిషి రాసిన పుట ఎక్కడ?

'ఉమ్మడివే గానీ తేడాలున్న' అన్న మాట దగ్గరికి మళ్ళీ వస్తాను. మన సాహిత్యంలో ఈ వాదన మనకి కొత్త కాదు. 1993లో 'నీలిమేఘాలు' వచ్చినప్పుడు స్త్రీలందరి బాధా ఒకటే అన్న ఉత్సాహంలో ఉన్నాం. తర్వాత గోగు శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు', జూపాక సుభద్ర రచనలు ఆ 'అందరి'లో మేమెక్కడ అని నిలదీశాయి. పోరాటం ఉమ్మడిదే గానీ మీ భారం, మా భారం ఒకటి కాదు, మీరు ఏ మెట్టు మీద నిలబడి మాట్లాడుతున్నారో చూసుకోండి అన్నాయి. అగ్రవర్ణ స్త్రీవాదులం చాలామందిమి నొచ్చుకున్నాం, వాదించాం, కొంత నేర్చుకున్నాం. రియోలో భారతదేశం ధనిక దేశాలతో అన్నమాట సరిగ్గా ఇదే. తేడా ఏమిటంటే, మన దేశం బయట ఈ మాట అనగలిగింది, లోపల విననే లేదు. తలసరి అన్నప్పుడు బంజారాహిల్స్‌లో మూడు కార్లున్న ఇంటి పొగ, నర్సంపేట తండాలో కట్టెలేరుకునే ఆడమనిషి పొగ కలిపి భాగిస్తే వచ్చిన సంఖ్యే మన తలసరి. ఆమె తక్కువ పొగ వదలబట్టే వాళ్ళ ఎక్కువ పొగకి సగటులో చోటు దొరికింది. ఈ విమర్శ కొత్తదేం కాదు, దశాబ్దంన్నరకి పైగా పర్యావరణ కార్యకర్తలు చేస్తున్నదే. అయితే వాళ్ళు దాన్ని వర్గం భాషలో చేశారు. ఇంటి లోపలికి, కులం లోపలికి తీసుకెళితే ఏమవుతుందన్నది మన పని.

స్త్రీలే ఆ బల్ల దగ్గర కూర్చుని ఉంటే? ఈ ప్రశ్న తేలిగ్గా అడుగుతాం. దాస్‌గుప్తా సర్వీసులో చేరేనాటికి మన విదేశాంగ సర్వీసు నియమాల్లో ఒకటుండేది. అధికారిణి పెళ్ళి చేసుకోవాలంటే ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. పెళ్ళయ్యాక సంసారం వల్ల పని దెబ్బతింటోందని ప్రభుత్వం అనుకుంటే రాజీనామా చెయ్యమనొచ్చు. మగ అధికారికి అలాంటి షరతు లేదు. 1949లో ఆ సర్వీసులో చేరిన మొదటి మహిళ సి.బి. ముత్తమ్మ 1979లో సుప్రీంకోర్టుకెక్కారు. పదోన్నతిలో తనని పక్కన పెట్టడం స్త్రీ అయినందుకేనని వాదించారు. జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు ఆ నియమాల్ని ఎండగట్టింది. అంటే 1991లో షాంటిలీ బల్ల దగ్గర సీనియర్లుగా కూర్చోవలసిన వయసు స్త్రీలని ఇరవై ఏళ్ళ ముందే గుమ్మంలో ఆపేశారు.

ఆ వడపోతని దాటి వచ్చిన మూడో ప్రపంచ స్త్రీకి ఏం జరుగుతుందో చూడాలంటే ఫిలిప్పీన్స్ దౌత్యవేత్త బెర్నార్డిటాస్ ముల్లర్ జీవితం చూడాలి. తొలినాళ్ళ నుంచీ ఈ చర్చల్లో ఉన్న మనిషి. ఒప్పందంలో ఏ అధికరణం కింద ఏ ఉపవాక్యం ఎక్కడుందో కంఠతా వచ్చిన మనిషి. ధనిక దేశాలు ఇస్తామన్న డబ్బు దానం కాదు బాకీ అని పట్టుబట్టేవారు. 2009 కోపెన్‌హాగెన్ నాటికి జి-77, చైనా కూటమి తరఫున ప్రధాన సంధానకర్త. పాశ్చాత్య పత్రికలు ఆమెకి పెట్టిన పేరు 'డ్రాగన్ స్త్రీ'. అంతే మొండిగా మాట్లాడిన మగవాళ్ళని గట్టి బేరగాళ్ళన్నారు, అనుభవజ్ఞులన్నారు. ఆ సదస్సుకి ముందు ఆమెని సొంత దేశం తన బృందం నుంచి తప్పించింది. ఆమె సూడాన్ బృందంతో కలిసి లోపలికి వెళ్ళారు. తన జ్ఞానాన్ని ఇంకో దేశం బ్యాడ్జీ మెడలో వేసుకుని వాడుకోవలసి రావడం! ఈ ఉపకథ చాలు ఒక నవలకి. ఎవరైనా రాస్తే బాగుండు.

అయితే కుర్చీలో స్త్రీ ఉన్నంత మాత్రాన వాక్యంలోకి స్త్రీ వస్తుందా అంటే, రాలేదు. 1995 బెర్లిన్‌లో మొదటి సదస్సుకి అధ్యక్షురాలు ఏంజెలా మెర్కెల్. 2011 డిసెంబర్‌లో డర్బన్‌లో గడువు దాటి ఒకటిన్నర రోజు నడిచిన ఆఖరి సమావేశంలో అధ్యక్షురాలు దక్షిణాఫ్రికా మంత్రి మైతే న్కోనా మషబానే. యూరప్ తరఫున కోనీ హెడెగార్డ్, భారత్ తరఫున జయంతి నటరాజన్. సభ మధ్యలో నిలబడి, చుట్టూ మగవాళ్ళు గుమిగూడగా, ఆ ఇద్దరు స్త్రీలు ఒక మాట కోసం బేరమాడారు. 'చట్టబలమున్న ఫలితం' అన్న మాట దగ్గర రాజీ కుదిరింది. ఆ నిర్ణయంలో సమానత అన్న మాట లేకుండా పోయింది, తేడాలున్న బాధ్యతలు అన్న మాట కూడా. జయంతి నటరాజన్ ప్రసంగం నాకిష్టం. పేదల బతుకుల మీద ఖాళీ కాగితానికి సంతకం పెట్టలేను అన్న కోపం అందులో ఉంది. కానీ ఆమె కూడా కోట్లాది పేదల పేరుతో మాట్లాడారు గానీ ఆ పేదల్లో సగం ఎవరో చెప్పలేదు. ఆ వ్యాకరణం కుర్చీలో కూర్చున్నవాళ్ళ కన్నా పాతది.

2009లో ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకి వెళ్ళిన జైరాం రమేశ్ పర్యావరణ మంత్రిగా పాత వైఖరిని సడలించి, 2020 నాటికి ఉద్గారాల తీవ్రతని 20 నుంచి 25 శాతం తగ్గిస్తామని చెప్పినప్పుడు దాస్‌గుప్తా తరం అధికారులు బహిరంగంగా నొచ్చుకున్నారు. పత్రికలు దాన్ని ఇద్దరు మగవాళ్ళ అహాల గొడవలా రాశాయి. 1991లో జపాన్ ముందుకు తెస్తే భారత్ వద్దన్న 'ఎవరికి తోచిన హామీ వారివ్వండి, తర్వాత సమీక్షిద్దాం' అన్న పద్ధతే 2015 పారిస్‌లో ఒప్పందమై కూర్చుంది. 2021 గ్లాస్గోలో బొగ్గుని 'తొలగించడం' కాస్తా 'తగ్గించడం' అయింది, ఆ సవరణ చదివింది మన మంత్రి. ఒక క్రియాపదం మారితే భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ గనులకి ఎన్నేళ్ళ ఆయుష్షు పెరుగుతుందో లెక్క కట్టేవాళ్ళుంటారు. ఆ గనుల దుమ్ము పడే ఇళ్ళల్లో రోజుకి ఎన్నిసార్లు ఊడుస్తారో లెక్క కట్టేవాళ్ళుండరు.

స్త్రీ అన్న మాట చివరికి వచ్చింది, పక్క తలుపు నుంచి. 2001లో మారకేశ్‌లో స్త్రీల ప్రాతినిధ్యం పెంచాలని ఒక నిర్ణయం. 2012లో దోహాలో జెండర్ సమతుల్యం. 2014లో లిమా జెండర్ కార్యక్రమం, 2017లో కార్యాచరణ ప్రణాళిక. పారిస్ ఒప్పందం పీఠికలో స్త్రీ సాధికారత. వీటి వెనక మన అక్కచెల్లెళ్ళ శ్రమ ఎంతో ఉంది, నేను తక్కువ చెయ్యను. అయినా చాలావరకు ఇవి తలల లెక్క. ఎంతమంది స్త్రీలు వచ్చారు, ఎంతసేపు మాట్లాడారు. ఆ లెక్క కూడా అవసరమేనని 2024 జనవరిలో అజర్‌బైజాన్ గుర్తుచేసింది. బాకూ సదస్సు నిర్వహణ సంఘం ప్రకటిస్తే 28 మందికి 28 మందీ మగవాళ్ళు. గోల అయ్యాక 12 మంది స్త్రీలని చేర్చారు.

అదే బాకూలో కర్బన బజారు నియమాలు పూర్తయ్యాయి. వాటి నీడ మా మళ్ళ మీద పడుతోంది. నీళ్ళు నిలగట్టకుండా ఆరుతడి పెడితే, నాటు వెయ్యకుండా నేరుగా విత్తితే మీథేన్ తగ్గుతుంది. తగ్గిన మీథేన్‌ని కొనుక్కునే కంపెనీలున్నాయి. 1991లో ఎవరికీ లెక్కలేని బురదకి ఇప్పుడు ధర వచ్చింది. మంచిదే, నీళ్ళు మిగులుతాయి, రైతుకి నాలుగు డబ్బులొస్తాయి. కానీ ఇలాంటి పథకాలు పొలం మీద, పట్టా మీద నడుస్తాయి. పట్టాలు ఎక్కువగా మగవాళ్ళ పేరు మీదుంటాయి. నాటు లేకపోతే నాటు కూలి లేదు. ఇప్పటికే బెంగాల్, బిహార్ నుంచి వచ్చిన మగ ముఠాలు నాట్లు వేసి పోతున్నాయి. నడుములు విరిగే పని, పోతే పోనీ అనే ఆడవాళ్ళూ ఉన్నారు, ఆ పది రోజుల కూలితోనే పిల్లల పుస్తకాలు కొనేవాళ్ళం అనేవాళ్ళూ ఉన్నారు. రెండూ నిజమే. ఆ రెండు మాటలూ ఏ ముసాయిదాలోనూ బ్రాకెట్లలో కూడా లేవు.

లిమా జెండర్ కార్యక్రమాన్ని బాకూలో మరో పదేళ్ళు పొడిగించారు. ఆ పొడిగింపు పత్రాన్ని తెలుగులోకి తెద్దామని నేనూ, ఇద్దరు సహోద్యోగులూ ఈ మధ్య కూర్చున్నాం. జెండర్‌ని జెండర్‌గానే ఉంచాలని త్వరగానే ఒప్పుకున్నాం. ఇరుక్కుపోయింది 'స్టేక్‌హోల్డర్' దగ్గర. భాగస్వామి అని రాస్తే, వాటా లేని మనిషి దేంట్లో భాగస్వామి అని ఒకరు. సంబంధీకులు అంటే పెళ్ళి శుభలేఖలా ఉందని ఇంకొకరు. హక్కుదారు అందామన్నాను నేను. మూలంలో ఆ అర్థం లేదు, మీరు కలుపుతున్నారు అన్నారిద్దరూ. ప్రస్తుతానికి ఆ చోట గీత గీసి వదిలేసి, తర్వాతి పేరాకి వెళ్ళాం.